ఒకే తూకం – రెండు సంతలు

పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారు కంప్యూటరు ఆటల గురించి ఈ పత్రికలో రాయడమేమిటని కొందరు పాఠకులు అనుకోవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. కాని చాలాకాలంగా నా మనసులో నలుగుతున్న ఒక ధర్మసందేహం ఆ ఆటలోనే పుట్టింది. పుట్టిన చోటు చెప్పకుండా సందేహాన్ని మాత్రం చెబితే అది గాలిలో మాటలా ఉంటుంది. అందుకని ఆట దగ్గర్నుంచే మొదలు పెడతాను.

2020లో, కరోనా రోజుల్లో, మా మేనల్లుడు బెంగుళూరు ఉద్యోగాన్ని ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని బరంపురం వచ్చేశాడు. పగలు ఆఫీసు పని, రాత్రి ఆట. తొమ్మిది దాటాక చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చునేవాడు. అవతల ఒకడు పుణేలో, ఒకడు చెన్నైలో, ఒకడు బెంగుళూరులో. "ఏరా, అందరూ కలిసి ఏం చేస్తున్నారు?" అని ఒకరోజు అడిగాను. "కొండ కింద రాక్షసుణ్ణి చంపాలి మావయ్యా. మాకు వైద్యుడు తక్కువయ్యాడు. మీరొస్తారా?" అన్నాడు. హాస్యానికి అన్నాడో, నిజంగానే అన్నాడో తెలియదు. నేను మాత్రం వెళ్లాను.

ఈ ఆటల సంగతి ఎరగనివారి కోసం నాలుగు మాటలు. ఇవి ఒక్కడు కూర్చుని ఆడుకునేవి కావు. ఒక ఊహాలోకం ఉంటుంది. దేశదేశాల వాళ్లు ఒకేసారి అందులో తిరుగుతుంటారు. లోపలికి వెళ్లేముందు ప్రతివాడూ ఒక వేషం ఎంచుకోవాలి. దాన్ని క్లాసు అంటారు. మనం చేతి విద్య అనుకుంటే సరిపోతుంది. కవచం తొడుక్కుని శత్రువుకు అడ్డంగా నిలబడే యోధుడు ఒకడు. దూరంనుంచి నిప్పులు కురిపించే మాంత్రికుడు ఒకడు. చీకట్లో నక్కి వెనకనుంచి పొడిచే చోరుడు ఒకడు. గాయాలు మాన్పే వైద్యుడు ఒకడు. 2004లో వచ్చి లోకమంతటా పేరు తెచ్చుకున్న వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఇలాంటి క్లాసులు మొదట 9 ఉండేవి.

ఆ లోకంలో పోరాటాలు రెండు రకాలు. యంత్రం ఆడించే రాక్షసులతో ఆటగాళ్లందరూ ఒక పక్షాన నిలిచి పోరాడడం మొదటిది. దీన్ని పి.వి.ఇ. అంటారు. ఎదుట కూడా మనిషే ఉండి, ఆటగాడితో ఆటగాడు తలపడడం రెండోది. ఇది పి.వి.పి. ఈ పొట్టి అక్షరాలు నా నోటికి పట్టవు. మొదటిదాన్ని వేట అనీ, రెండోదాన్ని బరి అనీ అంటాను. వేటకు మనమెరిగిన అర్థమే. బరి అంటే కబడ్డీ బరి, కోళ్ల పందేల బరి వంటిదే.

నాకు వేటే నచ్చింది. మా జట్టు అయిదుగురం. యోధుడు దెబ్బలు కాస్తాడు, ముగ్గురు కొడతారు, నేను యోధుడి ప్రాణం నిలబెడతాను. నా చేతిలో ఒక మంత్రం ఉండేది. ధారగా సాగుతూ గాయాన్ని పూడుస్తుంది. శనివారం రాత్రి రెండు గంటలపాటు, నా వయసులో సగం కూడా లేని నలుగురు కుర్రాళ్లు "మాస్టారూ, ఉన్నారా?" అని పిలుస్తుంటే, విరమణ తరవాత మొదటిసారి నా అవసరం ఒకరికి ఉందనిపించింది. ఈ మాట రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. అయినా నిజం.

మేనల్లుడు తిరిగి బెంగుళూరు వెళ్లాడు. ఆట మాత్రం ఆగలేదు. కొన్నాళ్లకు ఆటను నడిపే కంపెనీ ఒక మార్పు ప్రకటించింది. మేం ఆడిన ఆట పేరు ఇక్కడ అనవసరం. నా మంత్రం బలాన్ని మూడోవంతు తగ్గించారు. కారణం కూడా చెప్పారు: బరిలో వైద్యుడున్న పక్షం ఎంతకీ ఓడడం లేదట, పోటీలు తెమలడం లేదట. ఇలా తగ్గించడాన్ని ఆటగాళ్ల భాషలో నెర్ఫ్ అంటారు. పిల్లలాడుకునే మెత్తటి నురుగు ఆయుధాల పేరు అది. కత్తిని తీసుకుని నురుగు కత్తి ఇచ్చారని వాపోవడం అన్నమాట.

నేను బరిలో ఒక్కనాడూ అడుగు పెట్టలేదు. అయినా ఆ శనివారం రాక్షసుడు ఎప్పటిలాగే కొడుతున్నాడు, నా ధార మాత్రం చిక్కిపోయింది. మా యోధుడు మూడుసార్లు పడిపోయాడు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. తరవాతి వారం ఇంకో రకం వైద్యం తెలిసినవాడు వచ్చాడు. ఆపై వారం నన్ను ఎవరూ పిలవలేదు.

మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, ఏమీ అనుకోకండి. ఇంకో క్లాసు మొదలెట్టండి, నేను దగ్గరుండి నేర్పిస్తాను" అన్నాడు. కాసేపు నసిగి అసలు సంగతి చెప్పాడు. ఆ మంత్రాన్ని తగ్గించమని కంపెనీకి రాసినవాళ్లలో తనూ ఒకడట. వాడు వేటతోపాటు బరిలోనూ ఆడతాడు. "మీలాంటి వైద్యుడు ఎదురైతే ఎంతసేపు కొట్టినా ఎవడూ చావడు మావయ్యా. నాలుగు నెలలు సాధన చేశాను. ఓడితే నా తప్పు వల్ల ఓడాలి గాని, నేను ఎంచుకున్న క్లాసు వల్ల ఓడకూడదు గదా?"

నా దగ్గర జవాబు లేకపోయింది. వాడు చెప్పింది న్యాయం. నాకు జరిగింది అన్యాయం. ఒకే పని ఈ రెండూ ఎలా అయింది?

లెక్కల మాస్టారిని గనక కాగితం పెన్సిలు తీశాను. లెక్క సులువు కోసం నేను వేసుకున్న అంకెలివి. రాక్షసుడి ప్రాణం 10 లక్షల పాళ్లు, మనిషి ప్రాణం 10 వేల పాళ్లు అనుకుందాం. పోరాటం 5 నిమిషాలు, అంటే 300 సెకన్లు సాగాలి. కొట్టేవాళ్లు ముగ్గురు. అప్పుడు ఒక్కొక్కడు సెకనుకు సుమారు 1,100 పాళ్లు కొట్టాలి. రాక్షసుడు యోధుణ్ణి సెకనుకు 1,500 కొడితే వైద్యుడు సెకనుకు 1,500 పూడ్చాలి. వేట సరిగ్గా కుదిరింది.

ఇప్పుడు ఈ మనుషులనే బరిలోకి దింపండి. 1,100 కొట్టేవాడు వైద్యుడి మీద పడితే, వైద్యుడు 1,500 పూడ్చుకుంటాడు. ఎన్ని గంటలు కొట్టినా చావడు. మా మేనల్లుడి గోడు అదే. సరే, వైద్యాన్ని మూడోవంతు తగ్గిద్దాం. 1,000 అయింది. బరిలో పోటీ రక్తి కట్టింది. కాని వేటలో యోధుడికి సెకనుకు 500 లోటు. 10 వేల ప్రాణం 20 సెకన్లలో ఖాళీ. ఎవరి లెక్కలోనూ తప్పు లేదు. పెద్ద ప్రాణమున్న రాక్షసుణ్ణి చూసి తయారుచేసిన కత్తిని చిన్న ప్రాణమున్న మనిషి మీద వాడడంలోనే చిక్కంతా ఉంది.

అంకెలతో అయిపోతే బాధ లేదు. కొన్ని విద్యలకు ఒకచోట విలువ, మరోచోట సున్న. యోధుడు రాక్షసుణ్ణి కవ్విస్తే అది మిగతావాళ్లను వదిలి అతని మీదికే వస్తుంది. ఎవరి మీద ఎంత పగ అని యంత్రం లోపల పద్దు రాసుకుంటుంది గనక. మనిషికి ఆ పద్దు లేదు. కవ్వించినా నవ్వుకుని, పక్కనుంచి వెళ్లి వైద్యుణ్ణి పొడుస్తాడు. చోరుడి సంగతి దీనికి తిరగబడినది. ఎదుటివాణ్ణి నాలుగు సెకన్లు కదలకుండా చేసే అతని విద్య బరిలో బంగారం. పెద్ద రాక్షసుల మీద అది చాలావరకు పనిచేయదు. వీళ్లందరినీ ఒకే తక్కెడలో తూచి, "సమానంగా ఉన్నారా?" అని అడుగుతున్నాం.

ఈ చిక్కు మా ఒక్క ఆటదే కాదు. 1997లో మొదలైన అల్టిమా ఆన్‌లైన్‌లో ఎవరు ఎవరినైనా చంపవచ్చు. గనుల్లో ఖనిజం తవ్వుకునేవాళ్లు, బట్టలు కుట్టుకునేవాళ్లు దారిదోపిడీలకు గురై మొత్తుకున్నారు. 2000లో లోకాన్నే రెండు చేశారు. ఒకదానిలో పాత పద్ధతే; రెండోదానిలో ఒప్పుకోనిదే ఒకరినొకరు కొట్టుకోవడానికి వీల్లేదు. గిల్డ్ వార్స్ అనే మరో ఆట 2008లో ఇంకో దారి తొక్కింది. కొన్ని విద్యలకు ఒకే పేరు మీద రెండు రూపాలిచ్చింది; వేటలో ఒక బలం, బరిలో ఒక బలం. వార్‌హామర్ ఆన్‌లైన్ అదే 2008లో మనిషి గుండా మనిషి దూరిపోకుండా చేసింది. ఇరుకు దారిలో యోధుడు నిలబడితే ఎదుటివాళ్లకు నిజంగానే అడ్డమే. వేటలోని అతని విద్యకు బరిలో కూడా ఒక అర్థం దొరికింది.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ కథ మరీ నేర్పుతుంది. మొదట్లో ఒక పెద్ద వేటకు 40 మంది వెళ్లేవారు. అంతమందిలో ఏ క్లాసు కాస్త బలహీనమైనా మందలో కలిసిపోయేది. 2007లో ఇద్దరిద్దరు, ముగ్గురు ముగ్గురు, అయిదుగురు అయిదుగురు తలపడే బరులు కట్టారు. నలభై మందిలో కనపడని లోపం ఇద్దరిలో కొండంతగా కనపడింది. ఆ ఆట ముఖ్య రూపకర్తల్లో ఒకరైన రాబ్ పార్డో 2009లో, బరులు చేర్చడం తాము చేసిన పెద్ద పొరపాటని బాహాటంగా ఒప్పుకున్నారు. ఆటనూ క్లాసులనూ మొదటినుంచీ వాటికోసం మలచకపోవడమే ఆయన చెప్పిన కారణం. 2016లో, బరిలోకి రాగానే అందరి ఆయుధాల బలాన్నీ దాదాపు పక్కన పెట్టి, క్లాసును బట్టి కట్టిన కొలత ఇచ్చారు. అప్పుడు, కష్టపడి సంపాదించిన కత్తికి బరిలో విలువ లేకపోతే ఎందుకు సంపాదించాలన్న గొణుగుడు లేచింది. 2018లో ఆ పద్ధతి తీసేశారు.

ఇన్ని ప్రయత్నాల వెనక ఉన్న ప్రశ్న ఒకటే: సమానమంటే ఏమిటి? అరిస్టాటిల్ తన రాజనీతి గ్రంథంలో ఈ సంగతి వేణువుతో చెప్పాడు. మంచి వేణువు ఎవరికివ్వాలి? గొప్ప ఇంట పుట్టినవాడికా, అందగాడికా? బాగా ఊదగలిగినవాడికి. అంటే పంపకానికి కొలత, పంచే వస్తువు ఏ పనికోసం ఉందో ఆ పనిలోనే ఉంటుంది. అమెరికా తత్వవేత్త మైకేల్ వాల్జర్ 1983లో న్యాయక్షేత్రాల గురించి రాసిన పుస్తకంలో ఇంకో అడుగు వేశాడు. జీవితంలో క్షేత్రాలు అనేకం. డబ్బు, చదువు, పదవి, ప్రేమ. ఒక్కొక్కదానికి దాని న్యాయం దానికుంది. ఒకదానిలో ఒకడు ముందుండడం అన్యాయం కాదు. ఒకదానిలోని గెలుపు మరొకదానిలోకి చొరబడి అక్కడ కూడా ఏలడమే అన్యాయం.

మన భారతంలో భీముడు విరాటుడి కొలువులో వంటవాడు. పండగనాడు మల్లయుద్ధానికి దింపితే జీమూతుణ్ణి మట్టి కరిపించినవాడూ అతడే. అయితే, కుస్తీలో గెలిచాడు గనక కూరలో ఉప్పు సరిపోయినట్టా? కుస్తీలో ఓడి ఉంటే వంటింట్లోంచి గరిటె లాక్కోవాలా? బరికి న్యాయమంటే, దిగిన ఇద్దరికీ గెలిచే వీలు సమానంగా ఉండడం. వేటకు న్యాయమంటే, వచ్చిన ప్రతివాడూ ఏదో ఒకందుకు కావలసినవాడు కావడం. మొదటిది బలం లెక్క. రెండోది అవసరం లెక్క. మా కంపెనీ బరిలోని తగవు తీర్చబోయి, ఆ తీర్పును వేటలో అమలు చేసింది. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టయింది.

ఇంతవరకు నా వాదం నాకే ముచ్చటగా ఉంది. మా మేనల్లుడు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "అలా అయితే రెండూ విడగొట్టెయ్యమంటారా మావయ్యా? వేటలో నేర్చుకున్న చెయ్యి బరిలో పనికిరాక, బరిలో ఒక మంత్రం వేటలో ఒక మంత్రం అయితే నేను ఒక్కణ్ణి కాదు, ఇద్దర్ని. ఇక నా పేరుకు అర్థమేముంది?" అన్నాడు. ఆలోచిస్తే అదీ నిజమే. లోకాన్ని రెండు చేసిన ఆటలో కూడా, దొంగల భయం పోయాక దారి నడవడంలో ఉన్న ఉత్కంఠ కూడా పోయిందని బాధపడినవాళ్లున్నారు. గోడ కట్టడం సులువైన మందే గాని, దానికీ ఒక పథ్యం ఉంది. మనిషి ఒక్కడే అన్న నమ్మకాన్ని కొంత వదులుకోవాలి.

కాబట్టి గోడ కట్టాలా వద్దా అన్నది నేను తేల్చలేను. కాని ఆ వాదనలో నాకు మరొకటి కనపడింది. అసలు చెప్పదలచుకున్నది అదే.

బరిలో అన్యాయం జరిగితే ఓడినవాడు ఒకడుంటాడు. వాడికి ఓడానని తెలుసు, ఎవడి చేతిలో ఓడాడో తెలుసు. అరుస్తాడు, రాస్తాడు. వేటలో అన్యాయం అలా ఉండదు. అక్కడ ఓడినవాడు లేడు. ఒక శనివారం ఎవరూ పిలవరు, అంతే. పిలవనివాడికి కూడా తాను తప్పు చేస్తున్నానని తోచదు. ఇంకొకణ్ణి పిలిచాడు, పని జరిగిపోయింది. పిలుపు రానివాడు ఎవరిమీద ఫిర్యాదు చేస్తాడు? ఏమని చేస్తాడు? అందువల్ల తూకం చూసేవాడి చెవిన ఎప్పుడూ బరిలోని అరుపులే పడతాయి. అతడు దుర్మార్గుడు కానక్కరలేదు. వినబడినదానికి న్యాయం చేస్తూ, వినబడనిదానికి అన్యాయం చేస్తాడు.

ఈ వాక్యం రాసుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను ముప్పై ఏళ్లు తూకం చూసినవాణ్ణి.

నేను పనిచేసిన ఒక బళ్లో పాఠాలన్నీ ఒడియాలో. పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు. ఎనిమిదో తరగతిలో ఒక కుర్రాడుండేవాడు. మార్కులు నలభైకి అటూ ఇటూ. కాని నేను ఒడియాలో చెప్పిన భిన్నాల పాఠం అర్థంకాక బిక్కమొహం వేసిన పిల్లలకు, వెనక బెంచీలో కూర్చుని, తెలుగులో మళ్లీ చెప్పేవాడు. కొబ్బరి చిప్పలతోనో, అరటిపళ్ల హస్తంతోనో ఏదో ఒకటి కల్పించి చెప్పేవాడు. "మాటలాపరా" అని నేను చాలాసార్లు కసిరాను. ఆ ఏడాది సెక్షన్లు మార్కులను బట్టి విడగొట్టాలన్నారు. జాబితా రాసింది నేనే. ఎక్కడా మోసం చేయలేదు, ఒక్క మార్కు అటూ ఇటూ కానివ్వలేదు. వాడు బి సెక్షన్‌లోకి వెళ్లాడు. వాడి చుట్టూ కూర్చునే పిల్లలు నలుగురైదుగురు నా సెక్షన్‌లోనే మిగిలారు. తరవాతి పరీక్షలో వాళ్ల మార్కులు పడిపోయాయి. అశ్రద్ధ పెరిగిందని వాళ్లను తిట్టాను.

పరీక్ష ఒక బరి. అక్కడ వాడికి నేనిచ్చిన స్థానం న్యాయమైనదే. తరగతి మాత్రం ఒక వేట. అక్కడ వాడు వైద్యుడు. బరిలో వచ్చిన తీర్పును వేటలో అమలు చేసినవాణ్ణి నేను. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. చేయడానికి ఫిర్యాదు పేరేమిటో ఆ పిల్లలకు తెలియదు. నాకూ తెలియలేదు, ఒక కంపెనీవాళ్లు నా మంత్రాన్ని తగ్గించేదాకా.

మన ఇళ్లలో ఇప్పుడు తెలుగు సంగతి కూడా ఇంతేనేమో అనిపిస్తుంది. పరీక్షలో, ఉద్యోగంలో దానికి మార్కు లేదు. ఆ మాట నిజమే. దాని మీద ఎవరితో తగవు పడతాం? కాని అక్కడ మార్కు లేదు గనక ఇంట్లో కూడా అక్కరలేదనుకోవడం వేరే తీర్పు. తాతతో మనవడు మాట్లాడడం పోటీ కాదు. అక్కడ భాష గెలవనక్కరలేదు, పిలిస్తే పలికితే చాలు.

కొన్నాళ్లకు మా ఆటలో ఆ మంత్రాన్ని రెండు రూపాలు చేశారు. వేటలో పాత బలం తిరిగి వచ్చింది, బరిలో తగ్గింపు అలాగే ఉంచారు. మేనల్లుడు ఫోన్ చేసి, "రండి మావయ్యా, శనివారం" అన్నాడు. వెళ్లాను. కుర్రాళ్లు సంతోషంగానే పలకరించారు. కాని మధ్యలో వచ్చిన ఆ ఇంకో వైద్యుడు ఆరోజు లేడు. నేను రావడానికి వాణ్ణి మానిపించారని రెండు గంటల తరవాత తెలిసింది. అయిదుగురికే చోటు గదా.

"వాడికి ఎవరైనా చెప్పారా?" అని అడిగాను.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "లేదు మాస్టారూ, ఊరికే పిలవలేదంతే" అన్నాడు చెన్నై కుర్రాడు.

తరవాతి శనివారానికి వాణ్ణి పిలవమన్నాను. ఇప్పుడు వారం విడిచి వారం ఇద్దరం వెళుతున్నాం. ఇది తూకం సమస్యకు పరిష్కారం కాదని నాకు తెలుసు. మాలో ఒకరికి ప్రతి శనివారం ఖాళీయే. అయితే ఆ ఖాళీ ఎందుకో ముందుగా ఫోన్ చేసి చెబుతారు.